మన ఇండ్లలోకి పుస్తకం కన్నా ముందు ఫోన్ వచ్చింది



పోస్టు పెద్దగనే ఉన్నది. తీరిక చేసుకొని చదవండి. నేను రాస్తున్నదే చదువుడు గురించి కాబట్టి సగంల ఆపొద్దని ముందే అడుగుతున్న.

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతయి కదా. ఆ వారంలో కాలేజీలకు వచ్చి మాట్లాడే పెద్దమనుషులు దాదాపు ఒకే మాట చెప్తరు. "మా కాలంలో ఇంటింటికీ చందమామ వచ్చేది. వారపత్రిక కోసం అన్నదమ్ములం కొట్టుకునేటోళ్ళం. ఇప్పుడు టీవీలు, ఫోన్లు వచ్చి చదివే అలవాటే పోయింది." ఆ మాట అబద్ధమని నేను అనను. 1947లో మొదలైన చందమామ ఇప్పుడు రావట్లేదు. వాళ్ళ ఇండ్లలో ఒక అలవాటు ఉండె, అది పోయింది, వాళ్ళకు బాధ ఉంటది.

కానీ మన సంగతేంది? మా గూడెంలో ఎవరింటికీ చందమామ రాలే. వారపత్రిక రాలే. పేపర్ ఇప్పటికీ రాదు. నేను బడికి పోకముందు మా ఇంట్లో ఉన్న అచ్చు కాగితాలు లెక్కపెడితే నాలుగే: రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, గోడకు విత్తనాల దుకాణమాయన ఇచ్చిన క్యాలెండర్. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా చదువుకోవడానికి వచ్చింది కాదు, చూపించడానికి వచ్చినవి. ఇంట్లో లేని అలవాటును ఫోన్ ఎట్ల ఎత్తుకపోతది?

అందుకే నాకనిపించేది ఇది. వేరేవాళ్ళ ఇండ్లలో ఫోన్ వచ్చి పుస్తకాన్ని బయటికి పంపింది. మన ఇండ్లలో పుస్తకం గడప దాటకముందే ఫోన్ వచ్చి పీట వేసుకొని కూర్చున్నది. రెండూ ఒక్కటి కాదు. రోగం వేరైనప్పుడు మందు కూడా వేరే ఉండాలె. వాళ్ళు చెప్పే "ఫోన్ పక్కన పెట్టి మళ్ళీ పుస్తకం పట్టండి" అనే మాటలో "మళ్ళీ" అనే ముక్క మనకు పనికిరాదు.

కొన్ని లెక్కలు చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీల అక్షరాస్యత 49.2 శాతం. రాష్ట్రం మొత్తం మీద చూస్తే 67 శాతం. అంటే మనోళ్ళలో సగం మందికి పైగా అక్షరం రాదు. ఆ తర్వాత ఐదేండ్లకు, 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. నెట్ అగ్గువైంది. ఇంకో రెండు మూడేండ్లకు గుట్ట మీద ఎక్కడో ఒక చోట సిగ్నల్ అందే గూడేలన్నింటిలో ఫోన్ కనిపించింది. సగం మంది అక్షరాలు దిద్దక ముందే బొమ్మా మాటా రెండూ చేతిలోకి వచ్చినయి. మా అవ్వకు సంతకం రాదు, కానీ వాట్సాప్‌లో నాకు గోండిలో వాయిస్ పంపుతది. ఎవరి పేరు ఎక్కడున్నదో చదవదు, డీపీల ఫోటో చూసి గుర్తుపడతది. నా డీపీ మారిస్తే ముందు ఫోన్ చేసి చెప్పాలె.

చదువు మన దగ్గరికి అసలే రాలేదని కాదు. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టిండ్రు. గోండి భాషలో వాచకాలు తయారుచేసిండ్రు, దేవనాగరి లిపిలో. అంటే ఎనభై ఏండ్ల కిందనే మన పిల్లలకు మన భాషలో బడి నడిచింది. తర్వాత ఆశ్రమ పాఠశాలలు వచ్చినయి. అవి లేకపోతే నేను ఈ పోస్టు రాసేదాన్ని కాదు. కానీ బడి తెలుగులోకి మారింది, ఇప్పుడు ఇంగ్లిష్‌లోకి మారింది. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, డిగ్రీలో ఇంగ్లిష్. పుస్తకం ప్రతిసారీ ఇంట్లో మాట్లాడని భాషలోనే వచ్చింది. ఫోన్‌కు ఈ ఇబ్బంది లేదు. అది అక్షరం అడగదు. అందుకే మనోళ్ళు దాన్ని అంత తొందరగా నేర్చుకున్నరు. తెలివిలేక ఫోన్‌కు అతుక్కుపోయిండ్రని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

ఇంకో సంగతి. మనం చదివే జాతి కాకపోవచ్చు, వినే జాతి మాత్రం అవును. మన చరిత్ర ప్రధాన్ల నోట్లో ఉన్నది, కిక్రీ తీగ మీద ఉన్నది. పహాండి కుపార్ లింగు కథ, ఏ ఇంటిపేరోళ్ళు నాలుగు దేవతల సగ, ఎవరు ఐదు, ఎవరు ఆరు, ఎవరు ఏడు, ఎవరికి ఎవరు సంబంధం కలుపుకోవచ్చు, ఇదంతా ఏ కాగితం చూడకుండా చెప్పేది. రాత్రి మొదలుపెడితే తెల్లారే దాకా నడిచే కథను మా తాతలు కూర్చొని విన్నరు. మధ్యలో ఒక పేరు తప్పితే పట్టుకునేటోళ్ళు. "మీ పిల్లలకు ఏకాగ్రత ఉండదు" అనే టీచర్లు ఒక్క రాత్రి ఆ కథ దగ్గర కూర్చుంటే తెలుస్తది, ఏకాగ్రత మన రక్తంలో ఎంతున్నదో.

ఎలక్ట్రానిక్ మీడియా కూడా మొదట్లో ఈ వినే అలవాటుకు దగ్గరగానే వచ్చింది. 1986లో ఆదిలాబాద్ ఆకాశవాణి మొదలైంది. దాంట్లో గోండి కార్యక్రమం వచ్చే టైంకు ఒక్క రేడియో చుట్టూ పదిమంది చేరేటోళ్ళని మా బాపు చెప్తడు. అంతకు ముందు 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సైట్ అని ఒక ప్రయోగం జరిగింది. ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాలలో 2,400 ఊర్లకు టీవీ పాఠాలు పంపిండ్రు. మన రాష్ట్రం కూడా అందులో ఉన్నది. ఊరికి ఒక్క టీవీ, అందరూ దాని ముందు కూర్చోవాలె. రేడియో అయినా ఆ టీవీ అయినా పదిమంది కలిసి వినేవి, చూసేవి. అర్థం కాకపోతే పక్కోళ్ళను అడగొచ్చు, విన్నది తప్పైతే పక్కోళ్ళు దిద్దుతరు. ఫోన్‌తో వచ్చిన పెద్ద మార్పు అక్కడే ఉన్నది. ఒక్కొక్కరికీ ఒక్కొక్క తెర. ఎవరేం చూస్తున్నరో ఎవరికీ తెలవదు, ఎవరికి ఏం అర్థమైందో అసలే తెలవదు.

2020 సంగతి మీ అందరికీ యాదికి ఉంటది. నేను అప్పుడు పదో తరగతి. మార్చిలో హాస్టళ్ళు బంద్ అయినయి, పెట్టెలు నెత్తిన పెట్టుకొని ఇండ్లకు వచ్చినం. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలైనయి. పాఠాలు మంచిగనే ఉండె. కానీ మా ఇంట్లో టీవీ లేదు. ఫోన్ ఒక్కటే. పొద్దున బాపు చేనుకు పట్టుకపోతడు, సాయంత్రం దాదా చేతికి పోతది, నా వంతు వచ్చేసరికి రాత్రి తొమ్మిదైతది. చార్జింగ్ సగం, సిగ్నల్ కోసం వాకిట్ల నిలబడాలె. ఎంతమంది ఆడపిల్లల ఇండ్లలో ఇదే వరుస ఉండెనో మీకు మీరే లెక్కేసుకోండి.

అదే ఏడాది ఇంకేం జరిగిందో చూడండి. జూన్ 29న టిక్‌టాక్ బంద్ చేసిండ్రు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చినయి. సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ మొదలైనయి, అది కూడా ముందుగా మన దేశంలోనే. అంటే బడి తెర మీదికి వచ్చిన నెలనే పదిహేను సెకన్ల వీడియోలు కూడా అదే తెర మీదికి వచ్చినయి. ఒకదాంట్లో ముప్పై నిమిషాల గణితం, ఇంకోదాంట్లో వేలితో తోస్తే మారిపోయే బొమ్మ. పక్కన టీచర్ లేడు, అమ్మానాన్నకు అది ఏ పాఠమో తెలవదు. పిల్లలు దేన్ని పట్టుకుంటరో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. 2021లో పది పరీక్షలు రద్దైనయి, మేమంతా పాసైనం. పాసైన కాగితం చేతికొచ్చింది కానీ ఆ ఏడాది పాఠాలు ఎటు పోయినయో ఎవరూ అడగలే.

మాకన్నా ఎక్కువ దెబ్బ తగిలింది చిన్నోళ్ళకు. మా తమ్ముడు బడి బంద్ అయినప్పుడు రెండో తరగతి. గుణింతాలు అప్పుడే పూర్తయినయి, ఒత్తులు ఇంకా రాలే. ఏడాదిన్నర ఇంట్లనే ఉన్నడు. ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఫోన్‌లో ఏది కావాలన్నా మైకు గుర్తు నొక్కి అడుగుతడు, క్షణంలో వస్తది. పత్తికి ఏ పురుగు పడ్డదో ఫోటో తీసి అడిగి బాపుకు చెప్తడు. తెలివైనోడే. కానీ తెలుగు వాచకంలో ఒక పేజీ చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటడు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతడు. "చదువుడు ఎందుకక్కా, అదే చదివి వినిపిస్తది కదా" అంటడు. వాని మాటకు నా దగ్గర అప్పటికప్పుడు జవాబు లేదు. ఈ పోస్టు ఒక రకంగా వానికి జవాబే.

ముందు ఫోన్ మనకు ఇచ్చిన మంచిని మంచిగనే చెప్పుకోవాలె. హైదరాబాద్ పోయి వేలకు వేలు కట్టి కోచింగ్ తీసుకోలేని పిల్లలు యూట్యూబ్ క్లాసులు విని డీఎస్సీ, గ్రూప్స్ రాస్తున్నరు. మన పాటలు మన ఊరు దాటిపోయినయి. మార్లవాయి కనక రాజు తాతకు 2021లో గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ ఆట ఏందో దేశమంతా ఫోన్లలోనే చూసింది. 2024లో ఆయన పోయిండు, ఆట మాత్రం వీడియోల్లో ఉన్నది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపిని 2018లో యూనికోడ్‌లో చేర్చిండ్రు. అంటే మన లిపిని ఫోన్‌లో టైప్ చేయొచ్చు. పాత ఫోన్లలో ఖాళీ డబ్బాలు కనబడతయి, అది వేరే సంగతి. 2025 సెప్టెంబర్‌లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఆది వాణి అనే అనువాద యాప్ తెచ్చింది. సంతాలి, భీలి, ముండారితో పాటు గోండి కూడా ఉన్నది. అది ఛత్తీస్‌గఢ్ వైపు గోండి, మన మాటకూ దానికీ తేడా ఉంటది. అయినా 2011 లెక్కల్లో దాదాపు 30 లక్షల మంది మాట్లాడే భాషకు యంత్రం నోట చోటు దొరకడం చిన్న సంగతి కాదు.

మరి ఇంత మంచి ఉన్నప్పుడు చదువుడు ఎందుకు? పోడు కాగితాల సంగతి చెప్తే మీకు అర్థమైతది.

2021 నవంబర్‌లో పోడు భూముల దరఖాస్తులు తీసుకున్నరు. దండారికి ఇంటికి వచ్చిన నేను ఇంకా ఊర్లనే ఉన్న. అప్పుడు ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది. ఎవరు మాట్లాడిండ్రో, ఎక్కడి నుంచి వచ్చిందో తెలవదు. "ఫారెస్టోళ్ళ పాత రసీదులు, జరిమానా కాగితాలు ఉన్నోళ్ళే దరఖాస్తు పెట్టాలె. ఏ కాగితం లేనోళ్ళు పెడితే ఉన్న చేను కూడా గుంజుకుంటరు." నిమిషం కూడా లేదు ఆ వాయిస్. గొంతు గట్టిగ, నమ్మకంగ ఉన్నది. ఊరంతా నమ్మింది. మా ఇంటి వెనుక ఉండే పెద్దమ్మ, భర్త లేని మనిషి, రెండెకరాల పైచిలుకు దున్నుకుంటది. "నాకొద్దు బిడ్డా, ఉన్నది పోతే ఏం తినాలె" అని ఇంట్లో కూర్చున్నది.

మా ఊరి అంగన్‌వాడీ అక్క దగ్గర అటవీ హక్కుల చట్టం, దాని నియమాలు తెలుగులో అచ్చేసిన చిన్న పుస్తకం ఉన్నది. ఎప్పుడో ఒక మీటింగ్‌లో ఇచ్చిండ్రట. ఆమె, నేను రెండు సాయంత్రాలు కూర్చొని చదివినం. ఆ తెలుగు మన తెలుగు కాదు. ఒక్కో వాక్యం అరపేజీ ఉంటది. వేలు పెట్టుకొని చదివి, వెనక్కి పోయి, మళ్ళీ చదివి అర్థం చేసుకున్నం. 2006 చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికి హక్కు అడగొచ్చు, ఎక్కువలో ఎక్కువ 4 హెక్టార్లు. నియమాల్లో 13వ దాంట్లో ఏవేవి సాక్ష్యమో వరుసగా రాసి ఉన్నది. సర్కారు కాగితాలు ఒక్కటే కాదు. ఇల్లు, గుడిసె, భూమి చదును చేసుడు, కట్టలు పోసుడు కూడా సాక్ష్యమే. ఇంకా కిందికి పోతే, దరఖాస్తు పెట్టినోళ్ళు కాకుండా వేరే పెద్దమనుషులు చెప్పిన మాట కూడా సాక్ష్యమే. కానీ ఒక షరతు, ఆ మాటను రాతలో పెట్టాలె. ఒక్క సాక్ష్యం చాలదు, ఒకటి కన్నా ఎక్కువ ఉండాలె.

ఆ వాక్యం దగ్గర మేమిద్దరం ఆగిపోయినం. మన పెద్దోళ్ళ మాటను చట్టం ఒప్పుకున్నది. మన నోటి చరిత్రకు విలువ ఇచ్చింది. కాకపోతే దాన్ని కాగితం మీదికి తెచ్చేటోళ్ళు ఒకరు కావాలె. పట్లాను, ఇంకో తాతను కూర్చోబెట్టి పెద్దమ్మ చేను గురించి అడిగినం. ఏ ఇప్పచెట్టు హద్దు, ఏ ఏడాది కట్ట పోసిండ్రు, పక్క చేను ఎవరిది, అన్నీ గోండిలో చెప్పిండ్రు. తెలుగులో రాసి, చదివి వినిపించి, వేలిముద్రలు పెట్టించినం. కట్ట సాక్ష్యం ఒకటి, పెద్దల మాట రెండు. 2023లో పట్టాలు పంచినప్పుడు పెద్దమ్మకు వచ్చింది. మా ఊర్లో అందరికీ రాలే, దానికి వేరే కారణాలున్నయి. కానీ ఆ వాయిస్ నమ్మి అసలు దరఖాస్తే పెట్టనోళ్ళకు అడిగే దారి కూడా లేకుండె.

మా తమ్మునికి నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఫోన్ చదివి వినిపిస్తది, నిజమే. కానీ ఏది చదవాలో అది చెప్పదు. ఎవరో పంపింది వినిపిస్తది. నువ్వే చదవగలిగితే, పంపినోడు ఏది వదిలేసిండో కూడా పట్టుకుంటవు. మనల్ని మోసం చేసిన కాగితాలన్నీ మనం చదవలేమనే ధైర్యంతోనే రాసినయి. కుమ్రం భీం చంద్రపూర్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ దగ్గర పనిచేసుకుంట చదువు నేర్చుకున్నడని మన పెద్దోళ్ళు చెప్తరు. జల్ జంగల్ జమీన్ కోసం లేచిన మనిషి తుపాకీ కన్నా ముందు అక్షరం పట్టిండని ఆ కథ చెప్తున్నది. రీల్స్‌లో భీం ఫోటోకు పాట పెట్టేటోళ్ళు ఈ ముక్క కూడా యాది పెట్టుకోవాలె.

ఇప్పుడు హాస్టల్ సంగతికి వస్త. నేను డిగ్రీ మూడో సంవత్సరం, బీఎస్సీ. ఇంటర్ దాకా తెలుగు మీడియం, డిగ్రీ ఇంగ్లిష్ మీడియం. మాలాంటోళ్ళకు యూట్యూబ్‌లో తెలుగులో చెప్పే సార్లు దేవుళ్ళ లెక్క. మైటాసిస్ ఎట్ల జరుగుతదో ఎనిమిది నిమిషాల వీడియోలో బొమ్మలు కదిలి చూపిస్తే, పుస్తకంలో నాలుగు పేజీలకు అర్థం కానిది టక్కున అర్థమైతది. ఇందులో అనుమానం లేదు. కానీ పరీక్ష హాల్లో వీడియో అడగరు. పది మార్కులకు ఇంగ్లిష్‌లో రాయమంటరు.

మా గదిలో ఐదుగురం ఒకసారి చిన్న పని చేసినం. దీన్ని పరిశోధన అనుకోకండి, మా తృప్తికి చేసుకున్నది. ఒకే పాఠం ముగ్గురు వీడియోలో రెండుసార్లు చూసిండ్రు. ఇద్దరు ఒకసారి వీడియో చూసి, తర్వాత పుస్తకంలో అదే పాఠం చదివిండ్రు. మర్నాడు ఏదీ చూడకుండా అందరం నోటితో చెప్పినం, కాగితం మీద రాసినం. నోటితో ఐదుగురూ మంచిగ చెప్పిండ్రు. రాసేటప్పుడు తేడా తెలిసింది. వీడియో ఒక్కటే చూసినోళ్ళకు ప్రొఫేజ్, మెటాఫేజ్ పేర్లు చెవికి తెలుసు, చేతికి తెలవదు. వాక్యం ఎట్ల మొదలుపెట్టాలో తెలవదు. పుస్తకం చదివినోళ్ళకు ఆ వాక్యాలు సగమైనా కండ్ల ముందుకొచ్చినయి.

ఎందుకిట్ల అని మేం మాట్లాడుకుంటే మాకు తోచింది ఇది. వీడియోలో వేగం చెప్పే సార్ చేతిలో ఉంటది. అర్థం కాకున్నా అది ముందుకు పోతనే ఉంటది, మనకు కూడా అర్థమైనట్టే అనిపిస్తది. పుస్తకంలో అర్థం కాకపోతే కన్ను అక్కడనే ఆగిపోతది, వెనక్కి పోతది. ఆ ఆగుడు కష్టంగ ఉంటది, కానీ నేర్చుకునేది అక్కడనే. ఇంకోటి, వీడియో అయిపోంగనే దాని కింద ఇంకోటి వస్తది. అది మన సిలబస్ చూసి వచ్చేది కాదు, మనల్ని ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టేది ఏదో చూసి వస్తది. పుస్తకంలో తర్వాతి పేజీ మాత్రం ఆ పాఠం కోసమే రాసింది.

చదువుడే కాదు, వినుడు కూడా పోతున్నది. నాకు ఎక్కువ బాధ ఇక్కడ. నాగోబా జాతరకు కేస్లాపూర్ పోతే కిక్రీ దగ్గర మన పోరగాళ్ళు ఎంతసేపు కూర్చుంటున్నరు? ఫోన్ ఎత్తి నిమిషం వీడియో తీసుకొని, స్టేటస్ పెట్టి, పక్కకు పోతున్నరు. ప్రధాన్ తాత కథ ఇంకా లింగు పుట్టుక దగ్గరనే ఉంటది, ముందర ఉన్నోళ్ళు మారిపోతుంటరు. తెల్లారే దాకా విన్న తాతల మనవళ్ళం మనం. పుస్తకం మనకు కొత్త అనుకుందాం. ఈ ఓపిక మనకు పాతదే కదా, అది ఎందుకు పోవాలె? నిజానికి ఆ ఓపికనే మనకు పుస్తకం దగ్గరికి దారి. రాత్రంతా కథ వినగలిగినోడు యాభై పేజీలు చదవలేడా?

ఈ ఆలోచనతోనే మా హాస్టల్లో ఈ ఏడాది ఒక పని మొదలుపెట్టినం. రాత్రి అన్నం తిన్నంక నలభై నిమిషాలు. ఫోన్లన్నీ ఒక ఇనుప పెట్టెలో. ఒకరు పైకి చదవాలె, మిగిలినోళ్ళు వినాలె. రోజుకొకరి వంతు. పేపర్‌లో ఒక పెద్ద వ్యాసం గానీ, పాఠ్యపుస్తకంలో ఒక భాగం గానీ. చదివినంక అందులో ఏమున్నదో గోండి వచ్చినోళ్ళు గోండిలో, కొలామి వచ్చినోళ్ళు కొలామిలో చెప్పాలె. మొదటి వారం నవ్వులాటే. ఒకామె "అభియోగం" అనే మాట దగ్గర మూడు రోజులు ఆగింది. కానీ పదిహేను రోజులకు ఒక సంగతి గమనించినం. పైకి చదివేటప్పుడు తప్పించుకోవడానికి లేదు, అర్థం కాని మాటను దూకలేం. ఇంకొకరు వింటున్నరు కాబట్టి నిద్ర రాదు. ఒక్కరే కూర్చొని చదువుడు మన ఇండ్లలో ఎవరూ చూపించలే. నలుగురిలో కూర్చొని వినుడు మాత్రం పుట్టినప్పటి నుంచి తెలుసు. అందుకే ఇది మాకు సులువుగ అబ్బింది.

ఇప్పుడు అందులో ఎనిమిది మందిమి ఉన్నం. ముప్పై మంది ఉన్న అంతస్తులో ఎనిమిది మంది పెద్ద లెక్క కాదని తెలుసు.

ఈ గ్రూపులో మన జిల్లాల పిల్లలు మస్తు మంది ఉన్నరు. మీతోటి నాలుగు మాటలు.

ఒకటి. ఊరి గ్రూపులో సర్కారు కాగితం పీడీఎఫ్ వచ్చినప్పుడు, దాని గురించి ఎవరో చెప్పిన వాయిస్‌ను ముందుకు తోయకండి. మీలో ఒకరు ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవండి. తర్వాత మీ గొంతుతో, మన భాషలో, ఏ తేదీ, ఏ కాగితాలు కావాలె, ఎవరికి ఇవ్వాలె అని వాయిస్ పెట్టండి. పేరు చెప్పి పెట్టండి. ఫోన్‌ను బంద్ పెట్టుడు మనతోటి కాదు, అవసరం కూడా లేదు. చదివిన మనిషి గొంతు అందులో ఉండాలె, అంతే.

రెండు. సెలవులకు పోయినప్పుడు ఇంట్లో చిన్నోళ్ళతో రోజుకు ఒక్క పేజీ పైకి చదివించండి. తాత చెప్పిన ఒక కథను రికార్డు చేసి, తెలుగు లిపిలో గోండి మాటలే రాసి, దాన్నే చదివించండి. మా తమ్మునికి అట్ల రాసిచ్చిన మొదటి కథ నక్కది. వాడు ముందే విన్న కథ కాబట్టి, వచ్చే మాట ఏందో వానికి తెలుసు కాబట్టి, ఒత్తుల దగ్గర కూడా ఆగలే. ఇప్పుడు నాలుగో కథ నడుస్తున్నది.

మూడు. ప్రధాన్ తాతల కథలు రికార్డు చేయాలనుకుంటే మొత్తం చేయండి, అడిగి చేయండి, ఇచ్చే కట్నం ఇచ్చి చేయండి. అది వాళ్ళ బతుకుదెరువు. నిమిషం ముక్కలు చేసి మన చానల్‌లో పెట్టుకొని లైకులు లెక్కపెట్టుకుంటే తాతకు ఏం మిగలదు, కథకు కూడా ఏం మిగలదు.

నాలుగు. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటది. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం నుంచి వస్తున్న పద్ధతి అది. అంటే మన గూడేలు కూడా లైబ్రరీ కోసం పైసలు కడుతున్నయి. గ్రామసభలో నిలబడి "మా పంచాయతీకి చదువుకునే గది ఏది, కనీసం ఒక పేపర్ ఏది" అని అడిగే హక్కు మనకున్నది. హాస్టళ్ళలో కూడా పుస్తకాల బీరువాలు ఉంటయి, చాలా చోట్ల తాళం వేసి ఉంటయి. వార్డెన్ మేడంను, సార్‌ను మర్యాదగా అడిగి తాళంచెవి బాధ్యత మనమే తీసుకుందాం.

మీ హాస్టల్లో ఇట్లాంటిది ఏదన్నా నడుస్తుంటే రాయండి, మేం కూడా నేర్చుకుంటం. నడవకపోతే రేపు రాత్రి అన్నం తిన్నంక ఇద్దరితోనన్నా మొదలుపెట్టండి. చదవడానికి ఏం దొరకకపోతే అటవీ హక్కుల చట్టం నియమాలు తీసుకోండి, 13వ దాంతో మొదలుపెట్టండి. తెలుగు కష్టంగ ఉంటది. ఇద్దరు కలిసి చదివితే ఒక సాయంత్రంలో అయిపోతది.

జై సేవా. జై ఆదివాసీ.